సమ్మెటోళ్ల నాలుగో ఆల్బమ్

బేతంచెర్ల పాలిష్ ఫ్యాక్టరీల్లో మిషన్లు ఎనిమిదింటికి మొదలవుతాయి. ముబీనా ఏడున్నరకే వచ్చేస్తుంది. టిఫిన్ క్యారియర్ షెడ్డు కొక్కేనికి తగిలించి, కొంగు బొడ్లో దోపుకుని, బయట వరసగా నిలబెట్టిన నాపరాతి బండల దగ్గరికి పోయి, ఒక్కోదానికీ చెవి ఆనించి వింటుంది. ఏమీ వినిపించదు. "ఇయ్యాల గూడా ల్యాదు" అనుకుని మిషన్ దగ్గరికి నడుస్తుంది. పదిహేడేళ్లుగా ఇదే వరస.

ఆమె ఒక్కతే కాదు. పక్క ఫ్యాక్టరీ వాళ్లూ, లారీలకు బండలెత్తే హమాలీలూ, గనుల్లో రాయి తీసేవాళ్లూ, పని మొదలెట్టే ముందు ఒకసారి బండకు చెవి పెట్టని మనిషి ఆ ఊళ్లో లేడు. వాన జాడ కోసం పడమటి దిక్కు చూసుకున్నట్టే ఇదీ.

సమ్మెట అంటే గనిలో రాయి కొట్టే పెద్ద సుత్తి. కానీ బేతంచెర్లలో సమ్మెట అనగానే మనసులోకి వచ్చేది సుత్తి కాదు, బ్యాండు. హెవీ మెటల్ బ్యాండు పెద్ద పెద్ద పట్నాల్లోనే పుట్టాలని ఎవరైనా రూలు రాసి ఉంటే ఆ కాగితం బేతంచెర్లకు చేరలేదు. 1996లో ముగ్గురు గని కూలీలు ఆ బ్యాండు పెట్టారు. గొంతు ఏసేపుది. గిటారు వసంతకుమార్‌ది, చర్చిలో నేర్చుకున్నది. డ్రమ్ములు దాదా ఖలందర్‌వి. పీర్ల పండక్కి వాళ్ల తాతల నాటి నుంచీ డప్పు వాళ్లదే. ముగ్గురూ కలిసి మొదటి క్యాసెట్ వదిలినప్పుడు ఊళ్లో పెద్దలు "ఇదేం పాటప్పా, కొట్లాట మాదిరి ఉండాది" అన్నారు. ఆ పెద్దలే నెల తిరక్కుండా తలలూపడం మొదలుపెట్టారు. రోజంతా రాళ్లు పగిలే ఊరికి ఆ పాట కొత్తగా ఏం అనిపిస్తుంది? తమ చప్పుడుకు ఎవరో వరస కట్టారు, అంతే.

వాళ్ల కొత్త పాట రాబోయే ముందు బేతంచెర్ల బండలు మోగుతాయి. మొదట ఉత్త గుంయ్‌మనే మోత. కొన్నాళ్లకు డ్రమ్ము తెలుస్తుంది, తర్వాత గిటారు, ఆఖర్న గొంతు. చెవి ఆనిస్తేనే వినిపిస్తుంది. ఆల్బమ్ విడుదలైన రోజు మాత్రం అందరి కోసం గట్టిగా పాడి, ఆ తర్వాత మామూలు రాయి అయిపోతుంది. 2008లో మూడో ఆల్బమ్ ముందు బెంగుళూరులో కొత్తిల్లు కట్టుకున్న ఒకాయన ఫోన్ చేసి, మీ బండలు పరిపిస్తే నేల మోగుతోందని గొడవ పెట్టుకున్నాడు. "ఆల్బమ్ రిలీజయ్యేదాకా ఓపిక పట్టు సార్, దానంతటదే ఊరుకుంటాది" అన్నాడు మేనేజరు. ఊరుకుంది కూడా.

ఆ తర్వాత పదిహేడేళ్లు రాయి నోరు మెదపలేదు.

మెదిపింది మొన్న జూలైలో. ముందుగా విన్నది ముబీనా అత్త మదార్ బీ. ఆమెకు చెవులు లేవు. ముప్పయ్యేళ్లు గనిలో మందుగుండు పేల్చే చోట పనిచేసి, ముబీనా కోడలై రాకముందే రెండు చెవులూ పోగొట్టుకుంది. పిడుగు పక్కన పడినా తెలియదు. కానీ మోగే బండకు వీపు ఆనిస్తే పాట తిన్నగా ఎముకల్లోకి దిగేది. మూడో ఆల్బమ్ మొత్తం ఆమె అలాగే విన్నది. ఇంట్లో ఒక్కతే ఉండలేక రోజూ కోడలి వెంట ఫ్యాక్టరీకి వచ్చి, నీడలో బండల వరసకు వీపు ఆనించి శనక్కాయలు ఒలుచుకునేది.

ఆ రోజు మిషన్ల మోత మీదుగా ఆమె అరుపు వినిపించింది.

"ఒసే ముబీనా! రాయి మోగతాండాది!"

ముబీనా మిషన్ ఆపకుండానే పరుగెత్తింది. బండకు చెవి పెట్టింది. అవును. ఎక్కడో లోపల, భూమి అడుగున లారీ ఇంజన్ వేసినట్టు సన్నటి మోత. సమ్మెట అభిమాన సంఘానికి పదిహేనేళ్లుగా ఆమే కార్యదర్శి. ఎందరు వెక్కిరించారు! ముసలోళ్లయిపోయినారు, ఇంకేం పాడతారు, మీరు బండలకు చెవులు పెట్టుకోని కూచోండని ఎన్ని మాటలన్నారు! ఆ మాటలన్నీ ఆ మోతలో కొట్టుకుపోయాయి.

మొదటి ఫోన్ సంఘం సభ్యుడు మారెన్నకు చేసింది. మారెన్నది కోసిగి దగ్గర పల్లె. వానల్లేని ఏడాది సుగ్గికని వలసగా బెంగుళూరు పోయి కట్టడాల్లో కూలి చేసేవాడు. వానలున్న ఏడాది ఎప్పుడొచ్చిందో అతనికి గుర్తు లేదు.

"మారెన్నా, మోగతాండాది."

"నిజంగానా అక్కా? ఫోను రాయికి పెట్టు."

పెట్టింది. అవతల తట్టలు దించిన చప్పుడైంది. తర్వాత అతని గొంతు వచ్చింది. "ఎనిమిదో అంతస్తులో ఉండాం అక్కా. పద్నాలుగు మందిమి. అందరం తట్టలు దించి కూచున్యాం. ఇంకొంచేపు పెట్టు."

ముబీనా మొగుడు రబ్బానీ లారీ డ్రైవరు. ఆ రోజు బండల లోడుతో డోన్ దాకా హారన్ మీద చెయ్యి తీయకుండా పోయాడట. ఎవరైనా అడ్డగించి ఏమప్పా అంటే "సమ్మెటోళ్లు" అని మాత్రం చెప్పి ముందుకు పోయాడు. వాళ్లూ తెలిసినట్టు తలూపి దారి ఇచ్చారు.

వారం తిరక్కుండా వసంతకుమార్ ప్రకటన పంపించాడు. అతనికి ఇప్పుడు కడపలో సొంత రికార్డింగు గది ఉంది. ఆల్బమ్ పేరు 'కడదెబ్బ'. విడుదల డిసెంబరు ఏడు. కడదెబ్బ అంటే చివరి దెబ్బ. పేరు చూసి కొందరి గుండె కలుక్కుమంది గానీ ఎవరూ పైకి అనలేదు. ఉన్న ఒక్క పండగను ముందే ఏడ్చి చెడగొట్టుకుంటారా?

ఇక ఊరి హడావిడి చెప్పనక్కరలేదు. ఎర్ర సుత్తి బొమ్మతో నల్ల చొక్కాలు కుట్టించారు. రాయలసీమ ఎండల్లో నల్లబట్ట కట్టేది అయ్యప్ప మాల వేసినవాడూ, సమ్మెట అభిమానీ, ఇద్దరే. స్టేషన్ ఎదురుగా ఇరవై అడుగుల ఫ్లెక్సీ లేచింది. మహానందికి పోయే యాత్రికులు బస్సు కిటికీల్లోంచి చూసి, ఇదేదో కొత్త దేవుడనుకుని దండం పెట్టుకునేవాళ్లు. ఊరివాళ్లు వద్దనలేదు.

ఏసేపు మాత్రం ఏమీ మాట్లాడలేదు. లారీలు తూచే కాటా దగ్గర అతని ఉద్యోగం. జూన్ నుంచీ మెడకు తువ్వాలు చుట్టుకుని, ఎవరేమడిగినా నవ్వి తలూపేవాడు. "గొంతు దాచుకుంటాన్నాడు" అని అభిమానులు మురిసిపోయారు. ముబీనా తేనె సీసా పంపింది. అతను తీసుకుని రెండు చేతులూ జోడించాడు.

అక్టోబరు నాటికి బండలో డ్రమ్ము వచ్చింది, గిటారు వచ్చింది. దసరా వెళ్లాక గొంతు రావడం మొదలైంది. ఆ రోజు మదార్ బీ శనక్కాయలు ఒలవడం ఆపి ముఖం చిట్లించింది.

"ఏసేపుది కాదే ఇది. ఎవురో ఆడమనిషి."

ముబీనా నవ్వి చెయ్యూపింది. అత్త వినపడని మనిషి కదా, ఎముకలకు ఆడా మగా ఏం తెలుస్తుంది అనుకుంది. తీరా తను చెవి పెడితే నవ్వు పోయింది. ఆడగొంతే. గరగరలాడే గొంతు, రంపం బండలో దిగినట్టు. "నోట్లో మట్టి కొడితిరి, మట్టే నాలుకాయె" అంటోంది.

సాయంత్రానికి ఊరంతా పాకింది. అభిమానులు రెండుగా చీలారు. ఇది మన గని రాయి కాదు, ఎవడో బయటి రాయి కలిపినాడు, అందుకే పరాయి గొంతు పలుకుతోందని ఒక వర్గం. కాదు, పాలిష్ సరిగ్గా పడలేదు, పై పొర ఏదో కూస్తోంది, అసలు గొంతు లోపల ఉంటుందని ఇంకో వర్గం. ముబీనా రెండో వర్గం. చేతిలో మిషన్ ఉన్న మనిషి మరి! మధ్యాహ్నం తిండి మానుకుని, ఆ వరసలో ఉన్న బండలన్నిటికీ తిరిగి పాలిష్ పట్టింది. నీళ్లు పోసి, మిషన్లో సానరాయి మార్చి, అద్దంలో ముఖం చూసుకునేలా అరగదీసింది. ఎంత అరగదీస్తే ఆ ఆడమనిషి గొంతు అంత తేటగా వచ్చింది.

నాలుగో రోజు ముబీనా మిషన్ ఆపేసి బండ మీద కూలబడింది. "మన ఏసేపన్నను తీసేసి ఎవుర్నో తెచ్చినారు" అని రబ్బానీతో అంది. "పేరున్నోళ్లను, పట్నమోళ్లను. మన మొగాలకు చెప్పకుండా."

"తెస్తే తేనీలే. గొంతు మాత్రం శానా బాగుండాది" అన్నాడు రబ్బానీ.

ఆ రాత్రి అతనికి కూడు పెట్టలేదు.

ముబీనా కోపానికి కారణం ఉంది. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పుడు ఆమెకు పంతొమ్మిదేళ్లు. పుట్టింట్లో ఆడపిల్ల నవ్వు గడప దాటకూడదు. అత్తింట్లో అత్తకు వినపడదు, మొగుడు నెలలో ఇరవై రోజులు రోడ్ల మీద. ఏడాది పాటు సైగలే తప్ప ఆమె నోట మాటే లేదు. ఒకసారి రబ్బానీ లారీలో ఎక్కించుకుని బనగానపల్లె పోతూ సమ్మెట క్యాసెట్ వేశాడు. ఏసేపు అరిచాడు. మనిషి అలా అరవొచ్చని, అరిస్తే దాన్ని పాట అంటారని, అరిచినవాణ్ణి చూసి జనం గర్వపడతారని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మర్నాడు పాలిష్ మిషన్ దగ్గర నీళ్ల పైపు కోసం ఆమె పెట్టిన కేకకు షెడ్డు చివర ఉన్న మనిషి ఉలిక్కిపడి తిరిగాడు. ఆ రోజు మొదలు ఆమె గొంతు తగ్గలేదు. మిషన్ల మీదుగా అరిచింది, లారీల వెనక అరిచింది. వినపడదని తెలిసీ అత్తతో కూడా నిండు గొంతుతోనే మాట్లాడేది, ఎప్పటికైనా ఒక్క మాటైనా ఆ చెవుల్లో పడకపోతుందా అని. ఆమెకు నోరిచ్చినవాడు ఏసేపు. అతని నోరు ఎవరో లాక్కుంటే ఊరుకుంటుందా?

నవంబరు మొదటి శుక్రవారం ఫ్యాక్టరీలకు కరెంటు సెలవు. ముబీనా ఆ రోజు సంఘం మీటింగు పెట్టింది. కర్నూలు నుంచి, నంద్యాల నుంచి, కడప నుంచి నల్ల చొక్కాలు వచ్చాయి. మారెన్న బెంగుళూరు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చాడు. రెండొందల మంది ఫ్యాక్టరీ ముంగిట్లో బండల మధ్య నిలబడ్డారు. మదార్ బీ తన చోట తను వీపు ఆనించి కూచుంది. ఏసేపు వచ్చాడు. పక్కన ఖలందర్.

ముబీనా ముందుకు వచ్చింది. ఏసేపు ఎదుట మాత్రం ఆమె గొంతు ఎప్పుడూ పైకి లేవదు.

"అన్నా, మేం వేరే ఏమీ అడగం. నీ గొంతుతో ఒక్క ముక్క చెప్పు. ఈ ఆల్బమ్‌లో పాడేది నువ్వే గదా?"

ఏసేపు ఆమెను చూసి, జనాన్ని చూసి, మెడ తువ్వాలు విప్పాడు. గొంతు మీద వేలంత మచ్చ. జేబులోంచి సుద్దముక్క తీసి, పక్కనున్న నల్లబండ మీద రాశాడు.

'జూన్‌లో ఆపరేషన్ అయింది. మనిషి మిగిలినాడు. గొంతు మిగల్లేదు.'

వెనక వరసల్లోవాళ్లకు ముందున్నవాళ్లు చదివి చెప్పారు. మగవాళ్లు కొందరు తువ్వాళ్లు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు. ముబీనాకు తను పంపిన తేనె సీసా గుర్తొచ్చింది.

"మరి ఈ రాయిలో పాడేది ఎవురు?" అని అడిగాడు మారెన్న.

ఖలందర్ చేతులు విప్పి చూపించాడు. "అల్లా సాక్షి, మాకి తెల్దుప్పా. గొంతు ల్యాకున్యా రాయి మోగిందని నమ్మి ఆల్బమ్ తేదీ చెప్పేస్తిమి. ఆ పాట ఏసేపు ఆస్పత్రి మంచం మీద రాసింది. మాకు తప్ప ఎవురికీ చూపియ్యల్యా. అది రాయిలో ఎట్ల పలికిందో, ఎవురు పలికినారో... రాయి పాడతాంది అంటే అట్లాంటి మనిషి యాడో ఉండాలె గదా. నంద్యాల చర్చి, కర్నూలు చర్చి, కడప చర్చి, అన్ని కాయిర్లూ తిరిగినాం. పాడే ఆడపిల్లల్ని యాభై మందిని విన్యాం. ఒక్కరు కాదు."

ఏసేపు సుద్దతో కింద ఇంకో మాట రాశాడు. 'ఆయమ్మ దొరక్కుంటే ఆల్బమ్ లేదు. సమ్మెట ఈడికే అయిపోయె.'

అయిపోయె అన్న మాట దగ్గర ముబీనాకు ఏం జరిగిందో ఆమెకే తెలియదు. పదిహేడేళ్ల ఎదురుచూపూ, నాలుగు రోజులు పస్తుండి పట్టిన పాలిషూ, ఏసేపు గొంతు మీది మచ్చా, అన్నీ ఒక్కసారిగా పైకి తన్నుకొచ్చాయి. ఎవరి మీద అరవాలో తెలియక బండల వైపు తిరిగింది. పిడికిళ్లు బిగించి, పాదాల నుంచి ఊపిరి లాగి అరిచింది.

"ఏసేపన్న గొంతు యాడ పెట్టినావే రాయీ!"

ఆ కేక చివర ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కణ్ణుంచి బండలు అందుకున్నాయి. చెవి ఆనించకుండానే, రెండొందల మందికీ వినిపించేలా, ముంగిట్లో ఉన్న ప్రతి బండా పాడింది. అదే గరగర, అదే ఎత్తు. "నోట్లో మట్టి కొడితిరి, మట్టే నాలుకాయె!"

"ఎవురే నువ్వు?" అని ముబీనా ఇంకా గట్టిగా అరిచింది. "మొగం చూపియ్యి! పాట దొంగలించి రాతిలో దాక్కుంటావా?"

రాయి ఇంకా గట్టిగా పాడింది. ఆమె తిట్టింది. రాయి పాడింది. ఆమె ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే రాయి కూడా ఆగింది. అప్పుడామె చుట్టూ చూసింది. అందరూ బండలను కాదు, తననే చూస్తున్నారు.

మారెన్న నెమ్మదిగా అన్నాడు. "అక్కా. అది నువ్వే."

ఎవరి గొంతు వాళ్లకు బయటి నుంచి తెలియదు. ముబీనాకు తెలియకపోవడం వింత కాదు. మరి ఊరు? ఆ గొంతు వినని రోజు ఊరికి లేదు. నీళ్ల కోసం, పైపు కోసం, లారీ వెనక్కి తీయడం కోసం విని విని, అది పాటకు పనికొచ్చేదని ఎవరికీ తోచలేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు. ఖలందర్ తల పట్టుకుని కూచున్నాడు. "చంకలో పిల్లను పెట్టుకోని ఊరంతా ఎతికినాం గదరా" అన్నాడు. రబ్బానీ మాత్రం గుంపులోంచి, "ఇరవై ఏండ్లుగా ఈ పాట నా ఒక్కని కోసమే అనుకుంటి" అన్నాడు. ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు.

ముబీనా నవ్వలేదు. "నేను పాడను" అంది. "నేను అభిమానినన్నా. అభిమాని వచ్చి నీ చోట నిలబడితే అది సమ్మెట ఎట్లయితాది? గొంతు మారితే బ్యాండు మారినట్టే గదా."

ఏసేపు పక్కనున్న తన కాటా గదికి పోయి, మూల పెట్టుకున్న పాత సమ్మెట ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఇనుము నున్నగా అరిగి ఉంది. చెక్క పిడి మాత్రం కొత్తది. బండ మీద రాశాడు.

'ఇది మా నాయనది. పిడి ఆరుసార్లు మార్చినాం. సమ్మెట మారిందా?'

ముబీనా ఆ సుత్తిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది. ఇక ఏడుపు ఆపుకోలేకపోయింది. "నేను పాడితే సంఘానికి కార్యదర్శి ఎవురు?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"నేనుంటాలే" అన్నాడు రబ్బానీ. "రోజూ తిట్లు తినే అలవాటు ఉండాది నాకు."

ఆమె ఒక్కటే అడిగింది. పాడేది తనని అత్తకు ఎవరూ చెప్పకూడదు. రాయిలో తనే విని తెలుసుకోవాలి. అందరూ ఒట్టు వేశారు. బండకు ఆనుకున్న మదార్ బీకి ఏం జరుగుతోందో అంతుబట్టలేదు. ఆమె విన్నది రాతిలో పాట ఒక్కటే. "ఆయమ్మ ఇయ్యాల ఇరగదీసింది" అని అందరితో చెప్పి, మళ్లీ శనక్కాయలు ముందేసుకుంది.

కడపలో రికార్డింగు గది చూసి ముబీనా బెదిరింది. గోడలకు మెత్తలు, తలుపు వేస్తే చీమ చప్పుడు లేదు. మైకు ముందు నిలబడి నోరు తెరిస్తే పిల్లికూన కూత వచ్చింది. మూడు రోజులు అదే తంతు. వసంతకుమార్ టీ మీద టీ తెప్పించాడు. ఖలందర్ కుర్చీలో జారబడి పైకప్పు చూశాడు. నాలుగో రోజు ముబీనా చెప్పులేసుకుని బయటికొచ్చి, "నాకి మిషన్ కావాల" అంది. "చప్పుడు లేకుంటే నేనెవురి మీద అరవాలె?"

మైకులూ వైర్లూ లారీకి ఎక్కించుకుని అందరూ బేతంచెర్లకు తిరిగొచ్చారు. మదార్ బీని వారం రోజులు కూతురింటికి పంపారు. షెడ్డులో నాలుగు పాలిష్ మిషన్లూ ఒకేసారి వేశారు. నీళ్లు చిమ్ముతుంటే, తెల్లటి బురద కాళ్ల మీద పడుతుంటే, ముబీనా ఎనిమిది పాటలూ రెండు రోజుల్లో పాడేసింది. ఆల్బమ్‌లో ఆ మిషన్ల మోత అలాగే ఉంది. దాన్ని తీసేయడానికి వసంతకుమార్ చెయ్యి ఆడలేదు. ఆఖరి పాట అయ్యాక ఏసేపు నిచ్చెన తెప్పించి స్టేషన్ ఎదుటి ఫ్లెక్సీ దగ్గరికి పోయాడు. 'కడదెబ్బ'లో 'కడ' మీద తెల్లరంగు కొట్టి, ఆ చోట 'ఇంకో' అని రాశాడు. కింద నిలబడిన జనం ఆ మాట చదివి పెట్టిన కేకకు ప్లాట్‌ఫారమ్ మీద రైలు గార్డు కూడా బయటికి తొంగి చూశాడు.

డిసెంబరు ఏడు పొద్దున్నే ఫ్యాక్టరీ ముంగిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. ఆనవాయితీ ప్రకారం బండలన్నిటి మీదా నీళ్లు చల్లి, అందరూ వాటికి వీపులు ఆనించి కూచున్నారు. కోసిగి వాళ్లు ఒక లారీ నిండా వచ్చారు. కొత్త కార్యదర్శి రబ్బానీ, ఇస్త్రీ చేసిన నల్ల చొక్కాలో, పెళ్లినాడు కూడా లేనంత ఠీవిగా ఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. ముబీనా ఎప్పటిలాగే అత్త పక్కన కింద కూచుంది. ఈ రోజుతో రాయి ఊరుకుంటుంది. అత్తకు తన గొంతు వినిపించేది ఇదే ఆఖరుసారి.

రబ్బానీ ఫోన్లో విడుదల బొత్తాం నొక్కాడు. రాయి పాడింది.

కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా వీపులు నిటారు చేశారు. ఖలందర్ డ్రమ్ము కింది నుంచి వచ్చింది, వసంతకుమార్ గిటారు పైనుంచి వచ్చింది, ఆ రెంటి మధ్యలోంచి మట్టినీ రాతినీ చీల్చుకుని ఆ గొంతు వచ్చింది. ముసలీ ముతకా తలలూపారు. మారెన్న కళ్లు తుడుచుకోవడం కూడా మరిచాడు. ఏసేపు కళ్లు మూసుకుని, పెదవులు మాత్రం కదుపుతున్నాడు. చప్పుడు లేని ఆ పెదవులు ప్రతి మాట దగ్గరా ఆ గొంతుతో కలిసిపోతున్నాయి. తన ఊరి రాయి తన గొంతుతో పాడుతుంటే వినడం ఎలా ఉంటుందో ముబీనా ఎప్పుడూ ఊహించుకోలేదు. సిగ్గు పడాలనుకుంది. పడలేకపోయింది. ఛాతీ నిండా గర్వమే.

మదార్ బీ బండకు తల కూడా ఆనించి, కోడలి చెయ్యి పట్టుకుని, పెద్దగా అడిగింది. "ఎవురే ఈయమ్మ? ఎవురింటి కోడలే? ఆ ఇంటోళ్లు శానా పుణ్యం చేసుకున్యారు."

ముబీనా ఆ చేతిని అలాగే ఎత్తి తన గొంతు మీద పెట్టుకుంది. రాతిలో ఆఖరి పాట ఆఖరి చరణం వస్తోంది. ఆమె ఊపిరి తీసుకుని, రాతితో కలిపి, ఆ చరణం పాడింది.

మదార్ బీ వీపుకూ అరచేతికీ ఒకే పాట అందింది. ఆమె ముందు బండను తడిమింది, తర్వాత కోడలి గొంతును తడిమింది. పాట అయిపోయింది. రాయి ఊరుకుంది. ఆ ముడతల వేళ్లు మాత్రం అక్కణ్ణుంచి కదల్లేదు.

"నువ్వా?" అంది. కళ్ల నిండా నీళ్లు. "ఇంత గొంతు పెట్టుకోని, ఇన్నేండ్లూ నాతో ఒక్క మాట చెప్పకపోతివే."

అత్త వేళ్ల కింద ముబీనా గొంతు కదిలింది.

"చెప్తానే ఉండా అత్తా."